సముద్ర చమురు డ్రిల్లింగ్ సంస్థలు: మాంద్యంలో మదుపు లెక్కలు

న్యూఢిల్లీ: సముద్ర గర్భంలోని చమురు, సహజవాయు నిక్షేపాల కోసం బావులు తవ్విపెట్టే సంస్థలను ఆఫ్‌షోర్ డ్రిల్లింగ్ కాంట్రాక్టర్లు అంటారు. ముడిచమురు ధర పతనమైనప్పుడల్లా ఈ సంస్థల షేర్లు అంతకన్నా వేగంగా పడిపోతాయి. ధర మళ్లీ పెరగక తప్పదన్న నమ్మకంతో చిన్న మదుపరులు సరిగ్గా ఆ సమయంలోనే వాటివైపు ఆకర్షితులవుతారు. ఆ నమ్మకం తరచూ నిజమవుతుంది. చమురు ధర పెరుగుతుంది, రిగ్గులకు మళ్లీ పని దొరుకుతుంది. అయినా మాంద్యంలో షేరు కొన్నవారిలో చాలామందికి పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. పరిశ్రమ కోలుకోవడం వేరు, అందులోని పాత వాటాదారు కోలుకోవడం వేరు. 2014 తర్వాతి దశాబ్దం ఈ వ్యత్యాసాన్ని ప్రపంచ మార్కెట్లలోనూ భారత మార్కెట్లోనూ స్పష్టంగా చూపింది.

రాజధాని పరిసరాల్లో మూడు చిరునామాలు

దేశ రాజధాని ప్రాంతానికి సముద్రం లేదు. అయినా భారత సముద్ర చమురు రంగానికి సంబంధించిన కీలక కార్యాలయాలు కొన్ని ఇక్కడే ఉన్నాయి. ప్రభుత్వరంగ చమురు, సహజవాయు సంస్థ ఓఎన్‌జీసీ కార్పొరేట్ కార్యాలయం ఢిల్లీలోని వసంత్‌కుంజ్‌లో ఉంది. అన్వేషణ బ్లాకులను పర్యవేక్షించే హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ (డీజీహెచ్) నోయిడా నుంచి పనిచేస్తుంది. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన జిందాల్ డ్రిల్లింగ్ అండ్ ఇండస్ట్రీస్ కార్పొరేట్ కార్యాలయం గురుగ్రామ్‌లో ఉంది.

ఈ ముగ్గురి పాత్రలు వేరు. డీజీహెచ్ ప్రభుత్వం తరఫున పర్యవేక్షిస్తుంది. ఓఎన్‌జీసీ చమురును వెతుకుతుంది, దొరికినదాన్ని అమ్ముకుంటుంది. జిందాల్ డ్రిల్లింగ్ వంటి సంస్థ బావి తవ్వే యంత్రాన్ని, దానిని నడిపే సిబ్బందిని అద్దెకు ఇస్తుంది. చమురు ఎవరిదన్నదానితో దానికి నిమిత్తం లేదు. షేర్లు కొనేవారు మొదట గుర్తించవలసిన తేడా ఇదే. డ్రిల్లింగ్ సంస్థ షేరు కొంటే చమురు బావిలో వాటా రాదు. ఒక అద్దె వ్యాపారంలో వాటా వస్తుంది.

చమురు పడినా పడకపోయినా అద్దె

ఆంధ్రప్రదేశ్ తీరాన్ని ఆనుకుని ఉన్న కృష్ణా–గోదావరి బేసిన్ (కేజీ బేసిన్) ఈ తేడాను అర్థం చేసుకోవడానికి తగిన ఉదాహరణ. గుజరాత్ ప్రభుత్వరంగ సంస్థ జీఎస్‌పీసీ ఇక్కడి తన బ్లాకులో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు ఉందని 2005లో ప్రకటన వెలువడింది. అంచనాకు తగిన ఉత్పత్తి రాలేదు. వేల కోట్ల రూపాయలు వెచ్చించిన తర్వాత, 2017లో ఆ బ్లాకులోని తన 80 శాతం వాటాను జీఎస్‌పీసీ 7,738 కోట్ల రూపాయలకు ఓఎన్‌జీసీకి అప్పగించింది. రిలయన్స్ కేజీ–డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాది రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయిని తాకిన ఉత్పత్తి, ఆ తర్వాత వేగంగా క్షీణించింది.

ఈ రెండు సందర్భాల్లోనూ భూగర్భం చేసిన మోసానికి నష్టపోయింది బ్లాకు యజమానులు. అక్కడ బావులు తవ్విన రిగ్గుల యజమానులకు ఒప్పందం ప్రకారం రోజువారీ అద్దె అందుతుంది. బావిలో గ్యాసు పడిందా, నీరు పడిందా అన్న ప్రశ్న అద్దె బిల్లులో ఉండదు. అందువల్ల అన్వేషణలోని ప్రమాదం డ్రిల్లింగ్ సంస్థను నేరుగా తాకదు. దాని ప్రమాదం మరోచోట, అద్దె రేటులోను, అప్పులోను దాగి ఉంటుంది.

రిగ్గులు ప్రధానంగా మూడు రకాలు. జాకప్ రిగ్గు పొడవైన ఉక్కు కాళ్లను సముద్రపు అడుగున ఆనించి, వేదికను నీటిపైకి ఎత్తుకుని నిలబడుతుంది. సుమారు 100 నుంచి 120 మీటర్ల లోతు వరకు ఇది పనికొస్తుంది. ముంబై హైలో, సూరసానియానాం సమీపంలోని రవ్వ క్షేత్రం వంటి లోతు తక్కువ జలాల్లో పనికి అనువైనది ఇదే. సెమీ సబ్‌మెర్సిబుల్ సగం మునిగి తేలుతూ పనిచేస్తుంది. డ్రిల్‌షిప్ అంటే తవ్వకపు గోపురాన్ని మోసే ఓడ. అది మూడు వేల మీటర్లకు పైగా లోతున్న నీటిలోనూ బావి తవ్వగలదు. ట్రాన్సోషన్ సంస్థకు చెందిన ‘ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ1’ అనే డ్రిల్‌షిప్ 2013లో ఓఎన్‌జీసీ కోసం భారత జలాల్లో పనిచేస్తూ 3,174 మీటర్ల నీటి లోతులో బావి తవ్వి అప్పట్లో ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

భారత్‌కు సొంతంగా దక్కిన తొలి సముద్ర రిగ్గు ‘సాగర్ సామ్రాట్’. జపాన్‌లో నిర్మితమై 1973లో దేశానికి చేరిన ఈ జాకప్, 1974లో ముంబై హై తొలి బావిని తవ్వింది. ఒక రూపాయి నోటు మీద దాని చిత్రాన్ని ముద్రించారు. నాటి నుంచి నేటి వరకు దేశీయ రిగ్గు మార్కెట్లో ప్రధాన ఖాతాదారు ఓఎన్‌జీసీయే. సొంత రిగ్గులు ఉన్నా, అదనపు అవసరానికి టెండర్లు పిలిచి సాధారణంగా మూడేళ్ల కాలానికి జాకప్‌లను అద్దెకు తీసుకుంటుంది. భారతీయ డ్రిల్లింగ్ సంస్థల భవిష్యత్తు ఆ టెండర్ల వేళలపైన, వాటిలో తేలే రేట్లపైన ఆధారపడి ఉంటుంది.

మాంద్యం ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది

చమురు ధర పడిన మరునాడే రిగ్గు అద్దె తగ్గదు. ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం పాత రేటే అందుతుంది. గడువు ముగిసి కొత్త టెండరు వేసినప్పుడు అసలు దెబ్బ తెలుస్తుంది. ఈ జాప్యం మదుపరిని రెండు విధాలుగా తప్పుదోవ పట్టిస్తుంది. ధర పడిన మొదటి ఏడాది సంస్థ లాభాలు బాగానే కనిపిస్తాయి. షేరు ధర మాత్రం అప్పటికే సగానికి దిగి ఉంటుంది. లాభంతో పోల్చి చూస్తే షేరు అతి చౌకగా తోస్తుంది. రెండేళ్ల తర్వాత ఆ లాభమే ఉండదు.

మాంద్యాన్ని మరింత లోతు చేసేది రిగ్గుల సంఖ్య. రేట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో సంస్థలు అప్పు చేసి సింగపూర్, దక్షిణ కొరియా, చైనా నౌకా నిర్మాణ కేంద్రాలకు కొత్త రిగ్గుల ఆర్డర్లు ఇస్తాయి. అవి తయారై వచ్చేసరికి రెండు మూడేళ్లు గడుస్తాయి. ఈలోగా గిరాకీ పడిపోతే, పనిలేని పాత రిగ్గుల పక్కన పనిలేని కొత్త రిగ్గులు వచ్చి చేరతాయి.

2014లో జరిగింది ఇదే. ఆ ఏడాది జూన్‌లో బ్రెంట్ ముడిచమురు పీపా 115 డాలర్ల స్థాయిలో ఉంది. 2016 జనవరి నాటికి 30 డాలర్ల దిగువకు జారింది. అత్యంత లోతైన జలాల్లో పనిచేసే డ్రిల్‌షిప్‌లకు అంతకుముందు రోజుకు సుమారు 6 లక్షల డాలర్ల వరకు పలికిన అద్దె, తర్వాతి సంవత్సరాల్లో 2 లక్షల డాలర్ల దిగువకు వచ్చింది. కోలుకునే సూచనలు కనిపిస్తున్న దశలో కొవిడ్ మహమ్మారి వచ్చిపడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర చరిత్రలో తొలిసారి సున్నా కన్నా దిగువకు వెళ్లి, మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది.

ఇటువంటి చక్రం కొత్తది కాదు. 1986లో చమురు ధర కుప్పకూలినప్పుడు, అప్పటి పెద్ద డ్రిల్లింగ్ సంస్థల్లో ఒకటైన గ్లోబల్ మెరైన్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. 1998లోనూ, 2008 చివరలోనూ ధరలు పడ్డాయి. ప్రతిసారీ మార్కెట్ చివరకు ఒకే విధంగా కుదుటపడింది. పాత రిగ్గులు తుక్కుకు వెళ్లాయి, మిగిలినవాటికి రేటు పెరిగింది. అయితే ఆ మిగిలిన రిగ్గులు అప్పటికి ఎవరి చేతిలో ఉన్నాయన్నదే మదుపరికి ముఖ్యమైన ప్రశ్న.

ఒకే అద్దె, రెండు గతులు

ఒక ఊహాత్మక ఉదాహరణ ఈ ప్రశ్నను విశదం చేస్తుంది. ఒకే తరహా జాకప్ రిగ్గు ఉన్న రెండు సంస్థలను తీసుకుందాం. రెండింటికీ రోజుకు 80 వేల డాలర్ల అద్దె వస్తుంది. సిబ్బంది జీతాలు, మరమ్మతులు, బీమా వంటి నిర్వహణ ఖర్చు రోజుకు 40 వేల డాలర్లు. మొదటి సంస్థకు అప్పు లేదు. రెండో సంస్థ అప్పు చేసి రిగ్గు కొన్నది కనుక వడ్డీ, అసలు కలిపి రోజుకు 25 వేల డాలర్లు కట్టాలి. మంచి రోజుల్లో మొదటిదానికి రోజుకు 40 వేలు, రెండోదానికి 15 వేలు మిగులుతాయి.

మాంద్యం వచ్చి అద్దె 50 వేల డాలర్లకు తగ్గిందనుకుందాం. మొదటి సంస్థకు ఇంకా రోజుకు 10 వేల డాలర్లు మిగులుతాయి. రెండో సంస్థకు రోజుకు 15 వేల డాలర్ల లోటు, అంటే ఏడాదికి దాదాపు 55 లక్షల డాలర్లు. చేతిలో నిల్వ ఉన్నంతవరకు అది నెట్టుకొస్తుంది. తర్వాత బ్యాంకు వద్ద గడువు కోరుతుంది, లేదా కొత్త షేర్లు జారీచేస్తుంది, లేదా రిగ్గును అమ్ముతుంది. మాంద్యంలో రిగ్గు కొనేవాడు అడిగిన ధరే ధర. తరచూ ఆ కొనుగోలుదారు మొదటి సంస్థే అవుతుంది.

పనిలేని రిగ్గును ఊరికే లంగరు వేసి ఉంచినా ఖర్చు తప్పదు. కొద్దిమంది సిబ్బందితో సిద్ధంగా ఉంచితే ఖర్చు కొనసాగుతుంది. అంతా ఆపివేసి నిలిపితే ఖర్చు తగ్గుతుంది కాని, మళ్లీ పనిలోకి దించడానికి పెద్ద మొత్తం కావాలి. పైగా సుమారు ఐదేళ్లకోసారి సమగ్ర తనిఖీ, మరమ్మతులు తప్పనిసరి. మాంద్యం మధ్యలో ఆ గడువు వచ్చిపడితే, పాత రిగ్గును బాగుచేయించడం కన్నా తుక్కుకు పంపడమే మేలని సంస్థలు నిర్ణయించుకుంటాయి.

కడబంతిలో వాటాదారు

సంస్థ దివాలా తీసినప్పుడు ఆస్తుల మీద హక్కుకు ఒక వరస ఉంటుంది. భారత్‌లో 2016 నాటి దివాలా స్మృతిలోని 53వ సెక్షన్ ఆ వరసను నిర్దేశిస్తుంది. దివాలా ప్రక్రియ ఖర్చులు, తనఖా ఉన్న రుణదాతలు, కార్మికుల బకాయిలు, ఇతర రుణదాతలు, ప్రభుత్వ బకాయిలు వంటివన్నీ తీరిన తర్వాత ఏమైనా మిగిలితేనే ఈక్విటీ వాటాదారుకు దక్కుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇక్కడ వడ్డించేది చట్టం. అది కడబంతిని చివరనే చూస్తుంది.

నార్వే మూలాలున్న సీడ్రిల్ ఒకప్పుడు మదుపరులకు అధిక డివిడెండ్లు పంచిన సంస్థగా పేరుపొందింది. 2014 నవంబరులో డివిడెండ్‌ను నిలిపివేసింది. 2017 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. మరుసటి ఏడాది బయటపడి, 2021 ఫిబ్రవరిలో మళ్లీ అదే దారి పట్టింది. రుణదాతలు అప్పును వాటాలుగా మార్చుకోగా, రెండోసారి బయటపడేనాటికి పాత వాటాదారులకు మిగిలినది 1 శాతం కన్నా తక్కువ.

2020లో ఒకే ఏడాది మూడు అగ్రశ్రేణి సంస్థలు దివాలా రక్షణ కోరాయి. ఏప్రిల్‌లో డైమండ్ ఆఫ్‌షోర్, జులైలో నోబుల్, ఆగస్టులో వలారిస్. డైమండ్ ఆఫ్‌షోర్‌లో సగానికి పైగా వాటా అప్పట్లో లోయెస్ అనే పెద్ద అమెరికా సంస్థ చేతిలో ఉండేది. దశాబ్దాల అనుభవం, ఆర్థిక బలం ఉన్న ఆ వాటాదారు కూడా నష్టాన్ని తప్పించుకోలేకపోయింది. వలారిస్ 2021 ఏప్రిల్‌లో దివాలా నుంచి బయటకు వచ్చేసరికి 700 కోట్ల డాలర్లకు పైగా అప్పు వాటాలుగా మారిపోయింది. రిగ్గులు అవే, సంస్థ పేరు అదే. యజమానులు మాత్రం మారిపోయారు. ఆ తర్వాత రేట్లు పెరిగినప్పుడు లాభపడింది ఎక్కువగా ఆ కొత్త యజమానులే.

దివాలాను తప్పించుకున్న సంస్థ కథ కూడా గమనించదగినదే. ప్రపంచంలోనే పెద్ద సముద్ర డ్రిల్లింగ్ సంస్థల్లో ఒకటైన ట్రాన్సోషన్ షేరు 2008లో 150 డాలర్లు దాటింది. 2020లో 1 డాలరు దిగువకు పడింది. 2023లో పరిశ్రమకు మంచి రోజులు వచ్చినా 10 డాలర్లకు చేరలేదు. దివాలా లేకపోయినా, అప్పు తీర్చడానికి జారీచేసిన కొత్త షేర్లు పాత వాటాను పలుచన చేస్తాయి. ఒక డాలరు వద్ద కొన్నవారికి లాభం వచ్చింది. వంద డాలర్ల వద్ద కొని, మాంద్యంలో మరికొన్ని కలుపుకుని సగటు ధర తగ్గించుకుందామనుకున్నవారికి ఆ కోలుకోవడం చాలలేదు.

చెన్నై, గురుగ్రామ్: రెండు సంస్థలు

భారత మార్కెట్లో ఇదే పాఠం రెండు నమోదిత సంస్థల చరిత్రలో కనిపిస్తుంది.

చెన్నై కేంద్రంగా 1986లో ఏర్పడిన అబన్ ఆఫ్‌షోర్, ప్రైవేటు రంగంలో దేశీయ సముద్ర డ్రిల్లింగ్‌కు మారుపేరుగా ఎదిగింది. 2006–07లో నార్వేకు చెందిన సిన్‌వెస్ట్‌ను కొనుగోలు చేసి, ఒక్కసారిగా అంతర్జాతీయ స్థాయి రిగ్గుల యజమాని అయింది. ఈ విస్తరణకు ప్రధాన ఆధారం అప్పు. చమురు ధర పైకి పోతున్న రోజులవి. 2008 జనవరిలో ఆ షేరు 5 వేల రూపాయలు దాటింది.

2010 మే 13న సంస్థకు చెందిన ‘అబన్ పెర్ల్’ రిగ్గు వెనెజువెలా తీరంలో మునిగిపోయింది. అందులోని 95 మంది సురక్షితంగా బయటపడ్డారు. అంతకు మూడు వారాల ముందే, ఏప్రిల్ 20న, మెక్సికో సింధుశాఖలో ట్రాన్సోషన్‌కు చెందిన ‘డీప్‌వాటర్ హొరైజన్’ పేలి 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ వ్యాపారంలో ఆస్తి ఒకేచోట, ఒకే యంత్రంలో కేంద్రీకృతమై ఉంటుందన్న సంగతిని, అంతకుమించి అక్కడ పనిచేసేవారి ప్రాణాలు ఎంతటి ప్రమాదంలో ఉంటాయన్నదాన్ని ఆ రెండు ఘటనలు గుర్తుచేశాయి.

2014 తర్వాత ఒప్పందాలు ముగిసిన రిగ్గులకు పాత రేట్లు రాలేదు. అప్పు మాత్రం పాతదే. అబన్ రుణాల చెల్లింపులో విఫలమైంది, పలు రిగ్గులను వదులుకోవలసి వచ్చింది. 2020 మార్చిలో షేరు 20 రూపాయల దిగువకు పడింది. 2022లో ముడిచమురు మళ్లీ 100 డాలర్లు దాటినా, ఆ షేరు పాత శిఖరంలో పదో వంతుకైనా చేరలేదు. 5 వేల నుంచి 500కు వచ్చినప్పుడు ‘ఇంతకన్నా ఏం పడుతుంది’ అనుకుని కొన్నవారు, అక్కడి నుంచి కూడా తమ సొమ్ములో 95 శాతానికి పైగా కోల్పోయారు.

గురుగ్రామ్‌లోని జిందాల్ డ్రిల్లింగ్ కథ మరో తీరులో సాగింది. 1983లో ఏర్పడిన ఈ సంస్థ డి.పి. జిందాల్ గ్రూపులో భాగం. అతుకుల్లేని ఉక్కు గొట్టాలు తయారుచేసే మహారాష్ట్ర సీమ్‌లెస్ దీని సోదర సంస్థ. జిందాల్ డ్రిల్లింగ్ విదేశాల్లో భారీ విస్తరణకు పోలేదు. కొద్దిపాటి జాకప్‌లతో, ప్రధానంగా ఓఎన్‌జీసీ ఒప్పందాలపై పనిచేస్తూ వచ్చింది. మాంద్యంలో దీని షేరూ పడింది. 2020 మార్చిలో 100 రూపాయల దిగువన ఉంది. రేట్లు కోలుకున్నాక 2024లో 600 రూపాయలు దాటింది.

రెండు సంస్థలదీ ఒకే పరిశ్రమ. రెండింటినీ ఒకే చమురు ధర తాకింది. గతులను వేరు చేసిన అంశాల్లో మొదటిది మాంద్యంలోకి అడుగుపెట్టేనాటికి ఉన్న అప్పు పరిమాణం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట రిగ్గు వ్యాపారానికి అక్షరాలా వర్తిస్తుంది. అద్దె ఎక్కువగా ఉన్న ఏళ్లలో అప్పు తీర్చుకున్న సంస్థ మాంద్యాన్ని దాటుతుంది. ఆ ఏళ్లలోనే కొత్త అప్పు చేసిన సంస్థ మాంద్యంలో చిక్కుకుంటుంది. అయితే ఒకే ఖాతాదారుపై ఆధారపడటం కూడా నిశ్చింత కాదు. ఓఎన్‌జీసీ ఒక టెండరును వాయిదా వేసినా, రద్దు చేసినా చిన్న సంస్థ ఆదాయం మీద ఆ ప్రభావం వెంటనే పడుతుంది.

చౌకగా కనిపించే అంకెలు

మాంద్యంలో డ్రిల్లింగ్ షేర్లను ఆకర్షణీయంగా చూపే అంకెలు మూడు. మొదటిది లాభంతో పోల్చిన ధర. పాత ఒప్పందాల లాభం మీద లెక్కించిన ఈ నిష్పత్తి, ఆ ఒప్పందాలు ముగియగానే అర్థం కోల్పోతుంది. రెండోది డివిడెండ్ రాబడి. షేరు ధర పడినకొద్దీ ఈ శాతం పెద్దదిగా కనిపిస్తుంది. సీడ్రిల్ ఉదంతం చూపినట్లు, మొదట ఆగేది డివిడెండే. మూడోది పుస్తక విలువ. పుస్తకాల్లో రిగ్గు విలువ కొన్న ధర నుంచి తరుగుదల తీసివేసి రాస్తారు. మార్కెట్లో దాని విలువ అది తేగల అద్దెను బట్టి ఉంటుంది. పని దొరకని రిగ్గుకు తుక్కు ధరే మిగలవచ్చు. అందువల్ల ‘పుస్తక విలువలో సగానికే దొరుకుతోంది’ అన్న మాట ఈ రంగంలో భద్రతకు హామీ కాదు.

వార్షిక నివేదికలో చూడవలసినవి

ఈ రంగంలో మదుపు చేయదలచినవారికి అవసరమైన సమాచారం చాలావరకు సంస్థల వార్షిక నివేదికల్లోను, స్టాక్ ఎక్స్ఛేంజీలకు సమర్పించే ప్రకటనల్లోను లభిస్తుంది.

మొదట చూడవలసింది అప్పు ఎంత అన్నది మాత్రమే కాదు, ఎప్పుడు తీర్చాలి అన్నది. వచ్చే రెండు మూడేళ్లలో చెల్లించవలసిన వాయిదాలు, చేతిలోని నగదును, ఖరారైన ఒప్పందాల రాబడిని మించి ఉంటే, చమురు ధర పెరిగేదాకా ఆ సంస్థ నిలవకపోవచ్చు.

రెండోది ఒప్పందాల పట్టిక. ప్రతి రిగ్గు ఏ రేటుకు, ఏ తేదీ వరకు పనిలో ఉంది? ఒప్పందాలన్నీ ఒకే ఏడాది ముగుస్తున్నాయా, వేర్వేరు సంవత్సరాల్లోనా? ముందస్తు రద్దుకు ఖాతాదారుకు హక్కు ఉందా, ఉంటే పరిహారం ఎంత?

మూడోది రిగ్గుల వయసు. పాత రిగ్గులకు కొన్ని టెండర్లలో ప్రవేశమే దొరకదు. తదుపరి సమగ్ర తనిఖీ ఎప్పుడు, దాని ఖర్చు ఎంత అన్నదీ ఇందులో భాగమే.

నాలుగోది యాజమాన్య స్వరూపం. కొన్ని రిగ్గులు సంస్థ సొంతం కాక, విదేశాల్లోని అనుబంధ లేదా ఉమ్మడి సంస్థల పేరిట ఉంటాయి. ఆ సంస్థల అప్పులకు మాతృసంస్థ హామీ ఇచ్చి ఉంటే, విడి లెక్కల్లో కనిపించని భారం ఏకీకృత లెక్కల్లోను, హామీల వివరాల్లోను బయటపడుతుంది. ఏకీకృత ఖాతాలను, వాటి కింది గమనికలను, ఆడిటరు వ్యాఖ్యలను చదవడం తప్పనిసరి.

ఐదోది కరెన్సీ. అద్దెలు సాధారణంగా డాలర్లలో ఉంటాయి. రూపాయి బలహీనపడితే రాబడి పెరుగుతుంది. అప్పు కూడా డాలర్లలోనే ఉంటే ఆ ప్రయోజనం చెదిరిపోతుంది.

విదేశీ డ్రిల్లింగ్ షేర్లు నేరుగా కొనదలచిన భారతీయులకు రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉంది. అమెరికా దివాలా ప్రక్రియలో ఉన్న సంస్థ షేరు కొన్ని సెంట్లకు ట్రేడవుతున్నంత మాత్రాన అది కొత్త సంస్థలో వాటాగా మారుతుందని భావించరాదు. చాలా సందర్భాల్లో ఆ షేరు రద్దవుతుంది. కొత్త షేరు రుణదాతలకు వెళుతుంది.

చక్రం మళ్లీ తిరుగుతుంది

2022, 2023 సంవత్సరాల్లో జాకప్‌లకు గిరాకీ బాగా పెరిగింది. ఇందులో పశ్చిమాసియా దేశాలది పెద్ద పాత్ర. ఉత్పత్తి సామర్థ్యాన్ని పెంచే ప్రణాళికలో భాగంగా సౌదీ అరామ్‌కో పెద్దసంఖ్యలో రిగ్గులను తీసుకుంది. 2024 జనవరిలో ఆ ప్రణాళిక మారింది. రోజుకు 130 లక్షల పీపాల లక్ష్యాన్ని వదిలి, 120 లక్షల పీపాల వద్దే ఉండాలని సౌదీ ప్రభుత్వం ఆదేశించింది. కొద్ది నెలల్లోనే అరామ్‌కో పలు జాకప్‌ల ఒప్పందాలను నిలిపివేసింది. ఖాళీ అయిన రిగ్గులు ఇతర దేశాల టెండర్ల వైపు మళ్లాయి. వేల కిలోమీటర్ల దూరంలో రియాద్‌లో తీసుకున్న ఒక నిర్ణయం ముంబై హై టెండర్లలో పోటీని పెంచగలదు, గురుగ్రామ్ సంస్థ షేరును కదిలించగలదు.

మరోవైపు, దేశీయంగా అవసరం తగ్గలేదు. భారత్ తన ముడిచమురు అవసరంలో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. కేజీ బేసిన్‌లోని 98/2 లోతు జలాల బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న తొలి చమురును వెలికితీసింది. పాతబడిన ముంబై హై క్షేత్రంలో ఉత్పత్తిని నిలబెట్టడానికి కొత్త బావులు అవసరమవుతూనే ఉంటాయి. రిగ్గులకు పని ఉండదన్న భయానికి భారత్‌లో ఆధారం తక్కువ. ఆ పని ఏ రేటుకు దొరుకుతుంది, ఆ రేటుతో ఏ సంస్థ తన అప్పు తీర్చగలదు అన్నవే అసలు ప్రశ్నలు.

చమురు ధర ఎప్పుడు పెరుగుతుందో ముందుగా చెప్పగలవారు లేరు. సంస్థ అప్పు వాయిదా ఎప్పుడు చెల్లించాలో మాత్రం దాని వార్షిక నివేదికలోనే ముద్రించి ఉంటుంది. మాంద్యంలో డ్రిల్లింగ్ షేరు కొనే ముందు చమురు ధర పట్టీ కన్నా ముందుగా చదవవలసినది ఆ పేజీ.